కరెంటు బిల్లు, పెట్రోలు ఖర్చు: కొలిచి తగ్గించిన డైరీ

ఇందులో ధరలు లేవు. యూనిట్లు, లీటర్లే రాశాను. యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే లాగే కరెంటు. మీ బిల్లు మీదున్న రేటుతో గుణించుకుంటే మీ లెక్క తేలుతుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే శ్లాబు పద్ధతి ఉన్నచోట మాత్రం ఒక మెలిక ఉంది. తగ్గే యూనిట్లు ముందు పై శ్లాబులోంచి పోతాయి. కాబట్టి సగటు రేటుతో కాకుండా, మీ వాడకం చేరిన చివరి శ్లాబు రేటుతో గుణించాలి.

మొదటి అంకెలు ఇవి:

- కరెంటు: రోజుకు సగటున 11.2 యూనిట్లు. ఏసీ అక్కర్లేని కాలంలో తీసిన లెక్క.
- కారు: లీటరుకు 14.1 కి.మీ., అంటే 1000 కి.మీ.కి 70.9 లీటర్లు.

దశ 1: కొలిచే పనిముట్లు

మొదట వాడింది క్లాంప్ మీటర్. అది పనికిరాలేదు. ఫ్రిజ్‌కి వెళ్లే ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టూ బిగిస్తే 1 ఆంపియర్ చూపించింది. 230 వోల్టులతో గుణిస్తే 230 రావాలి. అదే ఫ్రిజ్‌ని సాకెట్‌కీ వస్తువుకీ మధ్య పెట్టి వాట్లు కొలిచే ప్లగ్ మీటరుకు తగిలిస్తే 135 వాట్లే. రెండూ నిజమే. మామూలు క్లాంప్ మీటర్ కరెంటును మాత్రమే కొలుస్తుంది, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వచ్చే అంకెలో అసలు వాట్ల వంతు) దానికి తెలియదు. మోటారు, కంప్రెసర్ ఉన్న వస్తువుల్లో ఆ తేడా చాలా పెద్దది. ఇంటి మీటరు మామూలుగా లెక్కకట్టేది అసలు వాట్లనే.

"ప్లగ్గులో పెట్టండి, బిల్లు తగ్గుతుంది" అని అమ్మే పవర్ సేవర్ డబ్బాల గుట్టు కూడా ఇక్కడే ఉంది. వాటిలో ఉండేది చాలావరకు ఒక కెపాసిటర్. అది పెట్టగానే క్లాంప్ మీటర్ అంకె తగ్గుతుంది, చూసేవాళ్లు నమ్మేస్తారు. ఇంటి మీటరు మీది ఎర్ర లైటు మినుకుల వేగం మాత్రం మారదు. ఒకటి అరువు తెచ్చి చూశాను, మారలేదు.

చివరికి నిలబడినవి రెండు: ప్లగ్ మీటర్, ఇంటి మీటరు మీద మినుకుమనే ఎర్ర ఎల్‌ఈడీ. రెండోది ఉచితం.

1. మీటరు మీద యూనిట్‌కి ఎన్ని ఇంపల్సులో (మినుకులో) రాసి ఉంటుంది. నాది 3200.
2. ఒక యూనిట్‌లో ఉండే 36,00,000 జౌల్స్‌ని ఆ అంకెతో భాగించండి. 3200కి 1125 వస్తుంది. ఒక్కో మినుకు అంటే 1125 జౌల్స్.
3. 100 సెకన్ల పాటు మినుకులు లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 1125తో గుణించి 100తో భాగిస్తే ఆ క్షణానికి ఇల్లు లాగుతున్న వాట్లు.

దీని పరిమితి కూడా రాసిపెట్టుకోవాలి. 100 సెకన్లలో ఒక్క మినుకు అటూ ఇటూ అయితే 11 వాట్ల తేడా. చిన్న లోడుకు ఎక్కువసేపు లెక్కపెట్టాలి. ప్లగ్ మీటరు కూడా రెండు మూడు వాట్ల దగ్గర నమ్మదగినది కాదు.

దశ 2: అన్నీ ఆపేసినా నడిచే మీటరు

ఫ్రిజ్ ప్లగ్ తీసి, లైట్లు, ఫ్యాన్లు ఆపేసి లెక్కపెడితే 100 సెకన్లలో 8 మినుకులు. అంటే 90 వాట్లు. 90 × 24 = రోజుకు 2.16 యూనిట్లు. ఎవరూ ఏమీ వాడకుండానే మొత్తంలో ఐదో వంతు!

ఏ గది లాగుతోందో ఎంసీబీలు (మీటరు బోర్డులో విడివిడి లైన్లను ఆపే స్విచ్చులు) ఒక్కొక్కటే దించి పట్టుకున్నాను. ఆ తర్వాత ప్లగ్ మీటరుతో వస్తువు వారీగా, వాట్లలో:

- యూపీఎస్, అంటే కరెంటు పోతే బ్యాటరీతో నడిపేది (బ్యాటరీ నిండాక కూడా): 38
- సెట్‌టాప్ బాక్స్, రిమోట్‌తో ఆపినప్పుడు: 14
- రౌటర్: 9
- స్పీకర్లు: 8
- ప్రింటర్: 5
- కంప్యూటర్, షట్‌డౌన్ అయ్యాక: 4
- మైక్రోవేవ్ గడియారం: 3
- టీవీ: 1

మొత్తం 82. మిగతా 8 వాట్లు మినుకుల లెక్కలో ఉండే తేడా లోపలే ఉన్నాయి, వాటి వెంట పడలేదు.

ముందు టీవీ, బాక్స్, స్పీకర్లు, కంప్యూటర్, ప్రింటర్ అన్నీ స్విచ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టాను. అది వారం కూడా నిలవలేదు. సెట్‌టాప్ బాక్స్ కరెంటు తీసేసిన ప్రతిసారీ మళ్లీ లేవడానికి నిమిషాలు తీసుకుంటుంది. దాంతో ఇంట్లోవాళ్లు బోర్డు ఆపడమే మానేశారు. ఒక వస్తువు మొండికేస్తే మిగతా నాలుగూ దాంతోపాటే వెలుగుతూ ఉండిపోయాయి. అందుకే బాక్స్‌ని విడిగా పెట్టి రాత్రి 8 గంటలు మాత్రమే ఆపుతున్నాం. రోజుకు ఆదా ఇలా:

- బాక్స్: 14 × 8 = 0.11 యూనిట్
- మిగతా నాలుగు (18 వాట్లు), రోజుకు 18 గంటలు: 0.32
- యూపీఎస్: 0.46

యూపీఎస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ, నిండాక కూడా దాన్ని నిండుగా ఉంచడానికి ఎక్కువ కరెంటు పోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి చూశాం; 38 కదల్లేదు. బ్యాటరీ ఎలాగూ మార్చాల్సిన వయసుకొచ్చింది కాబట్టి మార్చాం, 19కి దిగింది. ఈ ఆదా కోసమే కొత్త బ్యాటరీ కొనమని మాత్రం చెప్పను. 19 వాట్లంటే ఏడాదికి 166 యూనిట్లు. కొనే ముందు బ్యాటరీ ధర పక్కన పెట్టి చూసుకోండి.

రౌటర్‌ని ముట్టుకోలేదు. ఇంట్లో శాంతికి 9 వాట్లు ఎక్కువేమీ కాదు.

ఇప్పటిదాకా: 11.2 − 0.9 = 10.3

దశ 3: గీజర్

ఇంట్లో అన్నిటికంటే పెద్ద లెక్క ఇదే. నీళ్లు కాచడానికి ఎంత కావాలో భౌతికశాస్త్రమే చెబుతుంది: లీటరును ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.19 కిలోజౌల్స్. 25 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి రావాలంటే 1.02 యూనిట్. హీటరు కాయిల్‌తో కాచే గీజర్ ఏ కంపెనీదైనా దీనికంటే తక్కువలో చేయలేదు. కాబట్టి ఆదాకి దారులు రెండే: వేడి నీళ్లు తక్కువ వాడటం, కాగిన నీళ్లు ఊరికే చల్లారకుండా చూడటం.

రెండోది ముందు కొలిచాను. కుళాయి తిప్పకుండా గీజర్‌ని రోజంతా ఆన్‌లో ఉంచితే 1.2 యూనిట్లు పోయాయి. అదంతా గోడకూ గాలికీ పోయిన వేడే. వాడుకకు అరగంట ముందు వేసి, అవగానే ఆపేస్తే అది 0.3కి దిగింది.

మనుషులు ఆపడం మరిచిపోతారు కాబట్టి టైమర్ పెట్టాలనుకున్నాం. ఇక్కడ జాగ్రత్త. మొదట పెట్టిన ప్లగ్ టైమర్ మీద 10 ఆంపియర్లని రాసి ఉంది. 2000 వాట్ల గీజర్ లాగేది 8.7 ఆంపియర్లు, కాగితం మీద సరిపోవాలి. అరగంట నడిచాక ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఎక్కువసేపు నిండు లోడు లాగే వస్తువుకు ఇలాంటి చిన్న టైమర్లు వద్దు. ఎలక్ట్రీషియన్‌తో 20 ఆంపియర్ల టైమర్‌ని స్విచ్‌బోర్డులోనే పెట్టించాం. ఇప్పుడు గోరువెచ్చగా కూడా అవడం లేదు.

థర్మోస్టాట్‌ని 60 డిగ్రీల దగ్గర ఆపాను, ఇంకా కిందికి దించలేదు. నీళ్లు గోరువెచ్చగా నిలవ ఉంటే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. నిలవ నీటికి 60 పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. ఆ కొద్ది ఆదా కోసం దాంతో ఆటలొద్దు.

ఇక నీళ్ల వాడకం. షవర్ కింద 10 లీటర్ల బకెట్ పెట్టి సెకన్లు లెక్కపెట్టాను.

1. పాత షవర్: 48 సెకన్లలో నిండింది. నిమిషానికి 12.5 లీటర్లు.
2. ఫ్లో తగ్గించే వాషర్ వేశాక: 80 సెకన్లు. నిమిషానికి 7.5 లీటర్లు.
3. ఇంకా సన్న వాషర్‌తో: నిమిషానికి 5. తల మీద సబ్బు పోవడానికి స్నానం సమయమే పెరిగింది, కలిసొచ్చింది ఏమీ లేదు. తీసేశాం.

60 డిగ్రీల నీళ్లు రోజుకు 60 లీటర్ల నుంచి 40కి వచ్చాయి. ఆదా 0.8 యూనిట్. ఇన్‌స్టంట్ గీజర్ ఉన్నవాళ్లకు ఒక మాట: దానిలోకి వచ్చే ధార మరీ సన్నమైతే హీటరు ఆన్ కాదు. వాషర్ వేసే ముందు గీజర్‌కి కావాల్సిన కనీస ధార ఎంతో చూసుకోండి.

గీజర్ నుంచి దూరంగా ఉన్న సింకుకి వేడి నీళ్ల కుళాయిని తిప్పడం మానేశాం. లోపలి వ్యాసం 15 మి.మీ. ఉన్న పైపు 10 మీటర్లుంటే దానిలో 1.8 లీటర్లు పడతాయి. చేతులు కడుక్కోవడం వేడి నీళ్లు చేరేలోపే అయిపోతుంది. గీజర్‌లో కాగిన నీళ్లు మాత్రం పైపులో నిలిచి చల్లారతాయి.

ఇప్పటిదాకా: 10.3 − 0.9 − 0.8 = 8.6

దశ 4: ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు

ఫ్యాన్ల పని సులువు. పాత ఫ్యాను నిండు వేగంలో 74 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారున్న) ఫ్యాను 30. రోజుకు 14 గంటలు తిరిగే రెండింటిని మార్చాం: 44 × 14 × 2 = 1.23 యూనిట్లు. రోజుకు గంట తిరిగే గదిలోది మార్చలేదు. అక్కడ ఏడాదంతా కలిపి మిగిలేది 16 యూనిట్లే. బీఎల్‌డీసీ ఫ్యానుకు పాత రెగ్యులేటర్ తీసేయాలి, లేకపోతే సరిగా నడవదు.

ఫ్రిజ్‌ని గంటసేపు కొలిచి రోజుకు లెక్కకట్టడం కుదరదు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. కనీసం 24 గంటలు ప్లగ్ మీటరులో ఉంచాలి. మొదట 1.6 యూనిట్లు.

- వెనకున్న కాయిల్ దుమ్ము దులపడం: తేడా కనబడలేదు. రోజుకూ రోజుకూ ఉండే హెచ్చుతగ్గుల్లో కలిసిపోయింది.
- గోడకు దూరంగా జరపడం: అదీ అంతే.
- తలుపు రబ్బరు: కాగితం పెట్టి మూసి లాగితే కింది మూలలో ఊరికే వచ్చేసింది. రబ్బరును వేడి నీళ్లతో తుడిచి సాగదీసి కూర్చోబెట్టాం.
- నాబ్: లోపల గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూస్తే 1 డిగ్రీ. 4 డిగ్రీలు చాలు. నాబ్ తగ్గించాం.

చివరి రెండూ కలిసి 1.35కి దించాయి. ఆదా 0.25.

మోటారు దగ్గర ఆదా మోటారులో దొరకలేదు, ఫ్లష్ ట్యాంకులో దొరికింది. ట్యాంకు నీళ్లలో కొంచెం రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగి కింద చూస్తే రంగు దిగి ఉంది. చప్పుడు లేదు, ధారా లేదు. లోపలి రబ్బరు వాషర్ అరిగింది. అది మార్చాక మోటారు రోజుకు 30 నిమిషాల బదులు 22 నిమిషాలు నడుస్తోంది. కరెంటులో 0.15 యూనిట్, మీటరు మీద నీళ్లకు డబ్బు కట్టేవాళ్లకు అసలు లాభం నీళ్ల బిల్లులోనే.

ఇప్పటిదాకా, కాగితం మీద: 8.6 − 1.23 − 0.25 − 0.15 = 6.97

ఇంటి మీటరు చెప్పింది: 7.4

ఈ 0.4 ఎక్కడికి పోయిందో వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది. రెండు చోట్ల దొరికింది. ఒకటి, ట్యాంకు నుంచి గీజర్‌లోకి వచ్చే నీళ్లు. లెక్క మొదలుపెట్టినప్పుడు 25 డిగ్రీలుండేవి, ఇప్పుడు 20. 40 లీటర్లకు అదనంగా 5 డిగ్రీలంటే 0.23 యూనిట్. రెండోది ఫ్యాన్లు. "తక్కువ తాగే ఫ్యానే కదా" అని ఖాళీ గదిలో తిరుగుతున్నాయి. రోజుకు 5 గంటలు అదనంగా తిరిగితే 0.15. మొదటిది కాలంతో వచ్చింది, కాలంతోనే పోతుంది. రెండోది పోదు. కాబట్టి లెక్కలో 7.1 అని రాసుకున్నాను, 6.97 అని కాదు.

దశ 5: వంటింటి గ్యాస్

ఇది చిన్న దశ. సిలిండర్‌ని తూకం మీద పెట్టి లీటరు నీళ్లు మరిగిస్తే అంకె కదల్లేదు. లీటరుకు అయ్యే గ్యాస్ గ్రాముల్లో ఉంటుంది, తూకం 50 గ్రాముల మెట్లలో చూపిస్తుంది. అందుకని చాలా లీటర్లు వరసగా మరిగించి మొదటి తూకం, చివరి తూకం మాత్రమే తీసుకున్నాను. లీటరుకు సగటున 12 గ్రాములు. కిలో ఎల్‌పీజీలో సుమారు 46 మెగాజౌల్స్ ఉంటాయి కాబట్టి, మంటలోని వేడిలో 57 శాతం నీళ్లకు చేరినట్టు.

పనికొచ్చిన సంగతి ఒకటే. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట పెంచినా వేడి 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం పెరుగుతుంది. 100 గ్రాములు ఆవిరైతే 226 కిలోజౌల్స్ పోతాయి. అదే వేడితో 25 డిగ్రీల నీళ్లు దాదాపు ముప్పావు లీటరు మరుగుతాయి. మరుగు రాగానే మంట తగ్గించి మూత పెట్టడం. అంతే.

దశ 6: కారు

డ్యాష్‌బోర్డు లీటరుకు 15.3 అంటుంది, ట్యాంకు లెక్క 14.1 అంటుంది. డ్యాష్‌బోర్డును పక్కన పెట్టేశాను.

ట్యాంకు లెక్కలోనూ తిరకాసుంది. పంపు గన్ తనంతట తాను ఆగే చోటు ప్రతిసారీ ఒకేలా ఉండదు, లీటరు దాకా తేడా వస్తుంది. 30 లీటర్లలో ఒక లీటరంటే 3.3 శాతం. టైర్ల గాలి సరిచేస్తే వచ్చే లాభం దానికంటే చిన్నది! ఒక్క ట్యాంకు చూసి "మైలేజీ పెరిగింది" అనడానికి లేదు. వరసగా ఫుల్ చేయిస్తూ అన్నీ కలిపితే మధ్యలో తేడాలు ఒకదానికొకటి కొట్టుకుపోయి, మొదటిదీ చివరిదీ మాత్రమే మిగులుతాయి. 150 లీటర్లయ్యేసరికి తేడా 0.7 శాతానికి దిగుతుంది. గ్యాస్ సిలిండర్ తూకానికి వాడిన పద్ధతే ఇది.

ఆ మధ్యలో త్వరగా తెలుసుకోవాలని ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటరు అంకెల్ని ఫోను యాప్‌కు పంపే ముక్క) తెచ్చాను. అది ఇంజను లోపలికి వెళ్లే గాలిని చూసి, 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు చొప్పున లెక్కేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు బాగానే చెప్పింది: సెకనుకు 2.5 గ్రాముల గాలి, అంటే గంటకు 0.83 లీటరు. దిగుడులో మాత్రం లెక్క తప్పింది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. యాప్ దానికీ పెట్రోలు కట్టేసింది. డీజిల్ బండికి ఈ 14.7 లెక్క అసలు వర్తించదు.

దిగుడులో న్యూట్రల్ వేస్తే ఆదా అనే మాట కూడా దీంతోనే తేలిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజను తిరగడానికి పెట్రోలు కావాలి, గేరులో అక్కర్లేదు. పైగా న్యూట్రల్‌లో ఇంజను బ్రేకింగ్ ఉండదు.

అన్నిటికంటే పెద్ద లాభం అనుకోని చోట దొరికింది. బండి ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు చక్రాల బ్రేకు డిస్కులూ చూశాను. మూడు 45 డిగ్రీల దగ్గర ఉన్నాయి, వెనక ఎడమది 80. బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) పిన్నులు పట్టేసి, బ్రేకు పూర్తిగా వదలడం లేదు. మెకానిక్ విప్పి శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు పెట్టాడు.

1. ఈ పనికి ముందు, తర్వాత ఒకే చదునైన ఖాళీ రోడ్డు మీద, ఇంజను ఆపకుండా, గంటకు 60 కి.మీ. వేగం నుంచి 40కి దొర్లనిచ్చి సమయం చూశాం. రెండు దిక్కులా చేసి సగటు తీశాం. పరీక్షకు మాత్రమే న్యూట్రల్.
2. ముందు 22 సెకన్లు, తర్వాత 26.
3. ట్యాంకుల లెక్క: 14.1 నుంచి 15.2కి.

1000 కి.మీ.కి 5.1 లీటర్లు మిగిలాయి. లీటరు పెట్రోలులో సుమారు 34 మెగాజౌల్స్, అందులో పావు వంతు చక్రాలకు చేరుతుందనుకుంటే, 60 వేగంలో ఆ ఒక్క చక్రం దగ్గర 700 వాట్ల హీటరు వెలుగుతున్నట్టు. ఇంట్లో 14 వాట్ల డబ్బా కోసం గొడవపడింది ఈ హీటరును రోడ్డు మీద తిప్పుతూనే!

టైర్లలో గాలి ఒత్తిడి 26 పీఎస్‌ఐ ఉంది, తలుపు పక్క స్టిక్కరు మీద 33. ఒక్కో పీఎస్‌ఐకి 0.2 శాతం చొప్పున 1.4 శాతం రావాలి, 15.4 అయింది. 38 పెట్టి కూడా చూశాం. గతుకులన్నీ సీట్లోకి వచ్చాయి, తడి రోడ్డు మీద పట్టు తగ్గింది. 33కే తిరిగొచ్చాం. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

కొత్త ఎయిర్ ఫిల్టర్: మార్పు లేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో చేసిన పరీక్షల్లోనూ ఇదే తేలింది. కంప్యూటర్ నియంత్రించే ఇంజన్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ పడిపోతుంది, మైలేజీ కాదు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు: మా ఇంజనుకు అది అవసరమని కంపెనీ చెప్పలేదు, మార్పూ లేదు.

ఆ తర్వాత నడిపే తీరు. హైవే మీద 100 బదులు 80. గాలి అడ్డుకునే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 80 దగ్గర కంటే 100 దగ్గర అది 56 శాతం ఎక్కువ. ఖాళీగా తిరుగుతున్న రూఫ్ క్యారియర్ విప్పేశాం. ఎక్కువసేపు ఆగాల్సినప్పుడు ఇంజను ఆపుతున్నాం. చిన్న చిన్న పనులు ఇంజను చల్లారకముందే ఒకేసారి ముగిస్తున్నాం. వీటిని విడివిడిగా కొలవడం కుదరలేదు, అన్నీ కలిసి 16.6.

ఇప్పటిదాకా, 1000 కి.మీ.కి లీటర్లు:

- మొదట: 70.9
- బ్రేకు తర్వాత: 65.8
- టైర్ల తర్వాత: 64.9
- నడిపే తీరు మారాక: 60.2

కి.మీ. కాకుండా లీటర్లే రాయడానికి కారణముంది. లీటరుకు 1 కి.మీ. పెరగడం 10 ఇచ్చే బండిలో చాలా పెద్దది, 20 ఇచ్చేదానిలో చిన్నది. లీటర్లయితే నేరుగా కూడుకోవచ్చు, తీసేయవచ్చు.

మిగిలిన పనులు

- ఏసీ కాలం వచ్చాక 7.1 లెక్కను విడిగా మళ్లీ మొదలుపెట్టాలి. రెండు కాలాల అంకెలు కలపకూడదు.
- గీజర్ కింద ట్రే పెట్టి ఉంది. తడి కనబడితే ట్యాంకు మార్చాల్సిందే, అప్పుడు మందమైన ఇన్సులేషన్ ఉన్నది చూడాలి.
- ఫ్రిజ్ తలుపు రబ్బరుకు కాగితం పరీక్ష మళ్లీ చేయాలి. కింది మూల నెమ్మదిగా వదులవుతున్నట్టుంది.
- వెనక ఎడమ డిస్కు ఇప్పుడు 47 డిగ్రీలు. పెట్రోలు పోయించుకోవడానికి ఆగిన ప్రతిసారీ చూస్తున్నాం. 60 దాటితే మళ్లీ మెకానిక్ దగ్గరికే.